ఓడలరేవు సముద్రం ఎవరిది?

అమలాపురంలో బస్సెక్కి అల్లవరం మీదుగా దక్షిణానికి వస్తే, కొబ్బరితోటలు పలచబడి, సరుగుడు చెట్లు కనబడుతూండగా రోడ్డు అయిపోతుంది. అక్కడినుంచి ముందుకు ఇసుక, ఆ తర్వాత సముద్రం. ఆ ఊరి పేరు ఓడలరేవు. పక్కనే గోదావరి పాయల్లో ఒకటైన వైనతేయ సముద్రంలో కలుస్తుంది. పేరును బట్టి చూస్తే ఒకప్పుడు ఇక్కడ ఓడలు ఆగేవనిపిస్తుంది. దగ్గరలోని బెండమూర్లంకలో 18వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీవారికి ఒక వర్తక స్థావరం ఉండేది కూడా. ఇవాళ మాత్రం ఒడ్డున కనిపించేవి వేట పడవలు, ఆరవేసిన వలలు. ఇంకా కొంచెం తల తిప్పితే గోడల వెనక పెద్ద పెద్ద గొట్టాలు, తొట్లు. అది ఓఎన్‌జీసీవారి టెర్మినల్. సముద్రం అడుగున ఉన్న బావులనుంచి గొట్టాల్లో వచ్చే సహజవాయువు ఇక్కడే ఒడ్డుకు చేరుతుంది.

ఒక ఆదివారం తొమ్మిదవ తరగతి పిల్లలను కొందరిని తీసుకుని నేనక్కడికి వెళ్లాను. పౌరశాస్త్రంలో సమాఖ్య ప్రభుత్వం అనే పాఠం మొదలుపెట్టవలసిన రోజులవి. పుస్తకంలో ఆ పాఠం నాలుగు పేజీలు, చివర పది ప్రశ్నలు. చదివి అప్పజెప్పేయవచ్చు. కాని పడవ నీడలో కూర్చున్నాక ఒక కుర్రాడు ఉన్నట్టుండి అడిగాడు:

"మాస్టారూ, ఈ సముద్రం ఎవరిదండీ?"

"ఎవరిదేమిట్రా, దేవుడిది" అన్నది ఒక పిల్ల. అందరూ నవ్వారు. పక్కన వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మాత్రం నవ్వలేదు. "అదేంటండీ మేష్టారూ, మా తాతల కాలంనించీ వేటకెళ్తన్నది మేం గదండీ. మాది గాక ఇంకెవరిదవుద్దండీ?" అన్నాడు.

నిజం చెప్పాలంటే అంతకు ముందు నేనూ ఆ ప్రశ్న వేసుకోలేదు. వేసుకుని చూస్తే ఆ నాలుగు పేజీల పాఠమంతా ఆ నీళ్లలోనే ఉంది.

ముందు కొలతతో మొదలుపెడదాం. సముద్రం మీద దూరాన్ని కిలోమీటర్లలో కాక నాటికల్ మైళ్లలో కొలుస్తారు. భూగోళం మీద ఒక అక్షాంశ డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక భాగం ఎంతో ఒక నాటికల్ మైలు సుమారు అంత. సరిగ్గా చెప్పాలంటే 1852 మీటర్లు. 1976లో మన పార్లమెంటు చేసిన సముద్ర మండలాల చట్టం ప్రకారం తీరంనుంచి 12 నాటికల్ మైళ్లవరకు, అంటే సుమారు 22 కిలోమీటర్లవరకు, ఉన్న నీరు మన ప్రాదేశిక జలాలు. ఆటు సమయంలో నీరు వెనక్కి తగ్గినప్పుడు ఏర్పడే గీతనుంచి ఈ కొలత మొదలవుతుంది. 200 నాటికల్ మైళ్లవరకు, అంటే సుమారు 370 కిలోమీటర్లవరకు, ఉన్నది ప్రత్యేక ఆర్థిక మండలం. అక్కడ వేరే దేశాల ఓడలు పోవచ్చు, రావచ్చు. కాని చేపలు పట్టుకునే హక్కు, అడుగున ఉన్న ఖనిజాలు తీసుకునే హక్కు మన దేశానిదే.

మీ అట్లాసు తీయండి. ఓడలరేవు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన, సుమారు 16.4 డిగ్రీల దగ్గర ఉంటుంది. 16, 17 డిగ్రీల గీతల మధ్య దూరం స్కేలుతో కొలవండి. అందులో అయిదో వంతు తీసుకుంటే 12 నాటికల్ మైళ్లు వస్తుంది. ఆ దూరంలో తీరం వెంబడి పెన్సిలుతో ఒక గీత గీయండి. ఆ తర్వాత 200 మైళ్ల గీత గీయబోతే మూడు డిగ్రీలు దాటిపోతుంది. ఆంధ్రప్రదేశ్ పటం మీద గీయబోతే బహుశా కాగితం చాలదు!

ఇప్పుడు మొదటి గీత లోపలి నీళ్లనే తీసుకుందాం. అందులో ఈదే చేప ఎవరిది? దానిని ఎప్పుడు పట్టాలి, ఎలాంటి వలతో పట్టాలి, పెద్ద బోట్లు ఎంత దూరంలో తిరగాలి అన్న చట్టం చేసేది ఎవరు? ఆంధ్రప్రదేశ్ శాసనసభ. అది 1994లో సముద్ర చేపల వేటను క్రమబద్ధం చేసే చట్టం చేసింది. మరి ఆ చేప కిందనే, అదే నీటి అడుగున మట్టిలో ఉన్న గ్యాసు ఎవరిది? రాష్ట్రానిది కాదు, భారత యూనియన్‌ది. చేప 12 మైళ్ల గీత దాటి ఈదుకుంటూ పోయిందనుకోండి, అప్పుడు ఆ చేప సంగతి కూడా పార్లమెంటు చేతిలోకి పోతుంది!

పిల్లలు పకపకా నవ్వారు. "చేపకు తెలుస్తుందాండీ గీత దాటినట్టు?" అని ఒకడు. చేపకు తెలియదు, కాని సరంగుకు తెలియాలి. ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15నుంచి జూన్ 14వరకు 61 రోజులు మన తూర్పు తీరమంతా మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఈ నిషేధపు ఉత్తర్వు ఒకటి కాదు, రెండు. గీత లోపల రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు, గీత అవతల కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు. రెండూ ఒకే తేదీలలో అమలవుతాయి. కాకపోతే ఏమవుతుందో ఊహించండి: ఒకచోట నిషేధం, పక్కనే వేట! ఇద్దరు ప్రభుత్వాధినేతలు మాట్లాడుకోకపోతే చేపపిల్లకు రక్షణ లేదన్నమాట.

ఇలా పంచింది ఎవరు? రాజ్యాంగం. మన రాజ్యాంగంలో ఏడవ షెడ్యూలు అని ఒకటుంది. అందులో మూడు జాబితాలున్నాయి. చట్టం చేయడానికి వీలైన విషయాలన్నిటినీ వరసగా రాసి, ఇవి పార్లమెంటువి, ఇవి రాష్ట్ర శాసనసభలవి, ఇవి ఇద్దరివీ అని పంచారు. రాజ్యాంగం అమలులోకి వచ్చిన 1950లో కేంద్ర జాబితాలో 97, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47 అంశాలు ఉండేవి. ఈ పద్ధతి పూర్తిగా కొత్తది కాదు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టంలోనే మూడు జాబితాలున్నాయి. మన రాజ్యాంగ నిర్మాతలు దానిని తీసుకుని విస్తరించారు.

ఓడలరేవు ఒడ్డున కూర్చుని ఈ జాబితాలు చదివితే చాలా సరదాగా ఉంటుంది. రాష్ట్ర జాబితాలో 21వ అంశం: చేపల పరిశ్రమ. కేంద్ర జాబితాలో 57వ అంశం: ప్రాదేశిక జలాల అవతల చేపల వేట. కేంద్ర జాబితా 53వ అంశం: చమురు క్షేత్రాలు, ఖనిజ నూనెలు. కేంద్ర జాబితా 26వ అంశం: దీపస్తంభాలు. అంటే అంతర్వేది దగ్గర రాత్రి తిరిగే దీపం కేంద్రానిది. నది దాటించే పంటు మాత్రం రాష్ట్ర జాబితా 13వ అంశం. ఇక రేవుల సంగతి మరీ చిత్రం. పార్లమెంటు పెద్ద రేవు అని ప్రకటించినది, ఉదాహరణకు విశాఖపట్నం, కేంద్రానిది. మిగతా రేవులు ఉమ్మడి జాబితాలోకి వస్తాయి. కాకినాడ రేవు ఈ రెండో రకం. దానిని చూసుకునేది రాష్ట్రం. ఓడలరేవు మళ్లీ పేరుకు తగ్గట్టు ఓడలతో నిండితే అది ఎవరి చేతిలో ఉంటుందన్నది ఓడల సంఖ్య మీద కాక, ఆ ప్రకటన మీద ఆధారపడుతుంది.

ఇంతకూ అన్నిటికంటె నాకు ఆసక్తిగా తోచినది గ్యాసు కథ. కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఒకే ఒక మాటకు అర్థమేమిటన్న దానిమీద దేశంలోని అత్యున్నత న్యాయస్థానం ఎంత ఆలోచించవలసి వచ్చిందో ఇందులో కనబడుతుంది.

రాష్ట్ర జాబితాలో 25వ అంశం చూడండి. 'గ్యాసు, గ్యాసు కర్మాగారాలు' అని ఉంటుంది. గ్యాసు అని స్పష్టంగా రాష్ట్రానికి రాసి ఇచ్చారు గదా! మరి ఓడలరేవుకు వచ్చే గ్యాసు కేంద్రానిది ఎలా అయింది? ఈ ప్రశ్నే గుజరాత్ రాష్ట్రం వేసింది. అక్కడా చమురు బావులున్నాయి, గ్యాసు గొట్టాలున్నాయి. 2001లో గుజరాత్ శాసనసభ గ్యాసు సరఫరాను, పంపిణీని క్రమబద్ధం చేస్తూ ఒక చట్టం చేసింది. కేంద్రం కాదన్నది. సహజవాయువు చమురుతో పాటు భూగర్భంలో పుట్టే ఖనిజం, కనుక మా 53వ అంశంలోకి వస్తుందన్నది. ఇద్దరి దగ్గరా జాబితాలున్నాయి, ఇద్దరూ తమ తమ అంశం చూపిస్తున్నారు. తీర్పు చెప్పేదెవరు?

సమాఖ్యకు ఇది చాలా ముఖ్యమైన ఘట్టం. ఇద్దరు అన్నదమ్ములు ఆస్తి పంచుకుని పంపకం కాగితం రాసుకుంటారు. కాగితంలో ఒక మాట దగ్గర తగవు వస్తే పెద్దన్న చెప్పినట్టే వినాలంటే ఇక కాగితమెందుకు? అందుకని ఇద్దరికీ చెందని మూడో మనిషి కావాలి. మన రాజ్యాంగంలో ఆ మూడో మనిషి సుప్రీంకోర్టు. ఇక్కడ రాష్ట్రపతి 143వ అధికరణం కింద సుప్రీంకోర్టు అభిప్రాయం కోరారు. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2004 మార్చి 25న అభిప్రాయం చెప్పింది.

ఏమన్నదంటే: రాష్ట్ర జాబితాలో 'గ్యాసు' అన్న మాట గ్యాసు కర్మాగారాలతో కలిపి ఉంది. అంటే కర్మాగారంలో తయారు చేసే గ్యాసు అని అర్థం. పూర్వం కలకత్తా, బొంబాయి నగరాలలో బొగ్గును మూసిన కొలుముల్లో కాల్చి గ్యాసు తీసి, గొట్టాల ద్వారా వీధిదీపాలకు పంపేవారు. ఆ గ్యాసు నగరం దాటి పోయేది కాదు. అది రాష్ట్ర విషయం కావడం సహజం. కలకత్తాలోని అలాంటి గ్యాసు కంపెనీ విషయంలో 1962లో ఇదే సుప్రీంకోర్టు అది రాష్ట్రానిదేనని తీర్పు ఇచ్చింది కూడా. కాని నేలలోనుంచి, సముద్రం అడుగునుంచి వచ్చే సహజవాయువు వేరు. అది ఖనిజ నూనెలతో పాటు 53వ అంశంలోనిది, కేంద్రానిది. గుజరాత్ చట్టం సహజవాయువు మేరకు చెల్లదు.

చూశారా? రసాయనశాస్త్రంలో మీరు బొగ్గు గ్యాసు వేరు, సహజవాయువు వేరు అని చదువుతారు. మొదటిదాంట్లో హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడు వగైరాలు కలిసి ఉంటాయి. రెండోదాంట్లో ఎక్కువ భాగం మీథేన్. మరి ఆ తేడా దేశ రాజ్యాంగంలో ఏ ప్రభుత్వం చట్టం చేయాలో నిర్ణయించింది!

పెద్దాయన వల పక్కన పెట్టి అంతా విన్నాడు. "బాగుందండీ. గేసు వాళ్లదే అనుకుందాం. మరి దాని డబ్బు?" అన్నాడు.

అసలు ప్రశ్న అదే. నేను ఊరికే వాయిదా వేయలేదు, దానికి రెండు మెట్లున్నాయి.

భూమి మీద తీసిన చమురుకు, గ్యాసుకు కంపెనీ రాయల్టీ అని చెల్లిస్తుంది. కోనసీమలో తాటిపాక, పాసర్లపూడి ప్రాంతాలలో పొలాల్లో, తోటల్లో తవ్విన బావులు చాలా ఉన్నాయి. ఆ బావుల రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వానికి పోతుంది, ఎందుకంటే నేల, నేలలోని ఖనిజం రాష్ట్రానివి. కాని సముద్రం అడుగున తీసినదానికి రాయల్టీ కేంద్రానికి పోతుంది. రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం సముద్రం అడుగున ఉన్న భూమి, ఖనిజాలు, విలువైన వస్తువులన్నీ యూనియన్‌కు చెందుతాయి. ఓడలరేవు తీరానికి ఎదురుగా లోతు సముద్రంలో 98/2 అనే పెద్ద క్షేత్రం ఉంది. గోదావరి డెల్టా తీరంనుంచి సుమారు 35 కిలోమీటర్ల దూరాన, కొన్నిచోట్ల 300 మీటర్ల లోతున, కొన్నిచోట్ల 3 కిలోమీటర్లకు మించిన లోతున వ్యాపించింది. 2024 జనవరి 7న అక్కడ మొదటిసారి చమురు తీశారు. మీ అట్లాసు మీద 12 మైళ్ల గీత గీశారు గదా, 35 కిలోమీటర్లు ఆ గీతకు లోపలా, బయటా? లెక్క వేసుకోండి.

అంటే పైపు ఓడలరేవులో ఒడ్డెక్కుతుంది, రాయల్టీ ఢిల్లీకి వెళుతుంది. తాటిపాక తోటలో బావికి ఒక న్యాయం, ఓడలరేవు నీళ్లలో బావికి ఒక న్యాయమా అని పిల్లలు అడిగారు. అడగవలసిన ప్రశ్నే.

దీనికి ఒక వాదన ఉంది: సముద్రం ఏ ఒక్క తీర రాష్ట్రానిదీ కాదు, తీరం లేని మధ్యప్రదేశ్‌కూ, తెలంగాణకూ అందులో వాటా ఉంది, దానిని కాపాడే నౌకాదళం ఖర్చు దేశమంతా భరిస్తుంది. ఎదురు వాదనా ఉంది: గొట్టం వేసినప్పుడు వేట పోయేది తీరంవాడికి, ప్రమాదం వచ్చేది తీరంవాడికి, కనుక కొంత వాటా తీరంవాడికి దక్కాలి. ఇతర దేశాలు వేరుగా తేల్చుకున్నాయి. అమెరికాలో 1953నుంచి తీరంనుంచి 3 నాటికల్ మైళ్లవరకు సముద్రగర్భం రాష్ట్రాలదే. టెక్సస్‌కైతే 9 మైళ్లవరకు ఉంది. అందుకని ఇది ప్రకృతి ధర్మం కాదు. మనుషులు కూర్చుని రాసుకున్న పంపకం. రాసుకున్నది మార్చుకోవచ్చు కూడా, రాజ్యాంగాన్ని సవరించే పద్ధతి రాజ్యాంగంలోనే ఉంది. నా మటుకు నాకు రెండో వాదనలో బలముందనిపిస్తుంది. మీరు మీ సొంతంగా ఆలోచించి తేల్చుకోండి.

రెండో మెట్టు. కేంద్రానికి పోయిన డబ్బంతా అక్కడే ఉండిపోదు. 280వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి ఆర్థిక సంఘాన్ని నియమిస్తారు. మామూలుగా అయిదేళ్లకొకసారి. కేంద్రం వసూలుచేసే పన్నులలో రాష్ట్రాలకు ఎంత ఇవ్వాలో, ఆ మొత్తాన్ని రాష్ట్రాల మధ్య ఎలా పంచాలో అది చెబుతుంది. 15వ ఆర్థిక సంఘం 2021నుంచి 2026వరకు రాష్ట్రాలన్నిటికీ కలిపి 41 శాతం సిఫారసు చేసింది. అయితే ఇక్కడొక మెలిక ఉంది. ఈ పంపకం పన్నులకే. రాయల్టీ పన్నుల ఖాతాలోకి చేరి ఇలా పంపకానికి రాదు. కనుక సముద్రపు గ్యాసు రాయల్టీలో రాష్ట్రానికి నేరుగా ఇంత అని రాదు.

"అయితే మాకేం రాదన్నమాట" అన్నాడు పెద్దాయన. కోపంగా కాదు, లెక్క తేలినట్టు. నేను ఏమీ అనలేదు.

ఇక్కడ ఒక చిన్న పిల్ల చేసిన వ్యాఖ్య చెప్పాలి. "అయితే మాస్టారూ, రాష్ట్రానికి ఏ పనీ లేదు కదండీ" అన్నది. ఎంత తప్పో చూడండి. సముద్రం అడుగున గ్యాసు కేంద్రానిదే కాని, గొట్టం ఒడ్డెక్కగానే అది నిలబడే నేల సంగతి రాష్ట్రానిది. నేల రాష్ట్ర జాబితా 18. ఆ నేల చుట్టూ కాపలా కాసే పోలీసు రాష్ట్ర జాబితా 2. ఆసుపత్రి రాష్ట్ర జాబితా 6. 1995 జనవరి 8న పాసర్లపూడిలో ఒక బావి పేలి గ్యాసు ఎగజిమ్మి అంటుకున్నది. మంట 65 రోజులు మండి మార్చి 15న ఆరింది. బావి కేంద్ర ప్రభుత్వరంగ సంస్థది. కాని చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించింది, జనానికి తలదాచుకునే చోటు చూపింది, పోలీసులను పెట్టింది రాష్ట్రం. మంటకు జాబితాలు తెలియవు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలినప్పుడూ అదే జరిగింది.

కాలుష్యం మీద చట్టం కూడా వినదగ్గ కథ. నీరు రాష్ట్ర జాబితా 17. కాని నది ఒక రాష్ట్రంలో మురికి చేస్తే కింది రాష్ట్రంలో తాగాలి. అప్పుడు రాజ్యాంగం 252వ అధికరణం పనికివచ్చింది. కొన్ని రాష్ట్రాల శాసనసభలు మా తరఫున మీరే చట్టం చేయండి అని తీర్మానించాయి. అలా 1974లో పార్లమెంటు నీటి కాలుష్య చట్టం చేసింది. తరువాత మిగతా రాష్ట్రాలూ దానిని స్వీకరించాయి. తన పని ఇంకొకరికి అప్పగించడానికి కూడా ఒక అధికరణం ఉందన్నమాట.

తుపాను సంగతి మీకెవరికీ వేరే చెప్పనక్కరలేదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను చిదిమేసిన తుపాను గురించి మీ ఇంట్లో పెద్దలను అడగండి. కొబ్బరిచెట్లు వరసగా ఎలా పడిపోయాయో చెబుతారు. తుపాను ఎక్కడ ఉంది, ఎటు కదులుతోంది అని చెప్పేది భారత వాతావరణ శాఖ. అది కేంద్రానిది, కేంద్ర జాబితా 68వ అంశం. తూర్పు తీరంలో దానికి విశాఖపట్నంలో తుపాను హెచ్చరిక కేంద్రం ఉంది. ఎందుకు కేంద్రానికి ఇచ్చారంటారు? తుపాను బంగాళాఖాతంలో ఎక్కడో పుట్టి ఒడిశాకు పోతుందో, కోనసీమకు వస్తుందో, తమిళనాడుకు పోతుందో ముందు తెలియదు. రాష్ట్రానికొక వాతావరణ శాఖ ఉంటే ఆ సుడి వెంట ఎవరు పరుగెత్తాలి? కాని ఆ హెచ్చరిక ఓడలరేవులో ఈ పెద్దాయన చెవిన పడాలంటే కలెక్టరు, తహసీల్దారు, పంచాయతీ మైకు కావాలి. బియ్యం, పడవలు, తుపాను షెల్టరు తాళంచెవి కావాలి. అవన్నీ రాష్ట్రం, ఊరు చూసుకోవాలి. ఢిల్లీ నుంచి తాళం తీయడం కుదరదు గదా.

కోనసీమ పిల్లలకు సమాఖ్యను చూపించడానికి ఇంకో మంచి చోటు యానాం. ఎదుర్లంక దగ్గర గౌతమి మీద వంతెన దాటితే యానాం. ఆ వంతెనకు జీ.ఎం.సీ. బాలయోగి పేరు పెట్టారు. ఆయన అమలాపురం నియోజకవర్గంనుంచి లోక్‌సభకు ఎన్నికై, 1998నుంచి 2002లో చనిపోయేవరకు స్పీకరుగా ఉన్నారు. వంతెనకు అటూ ఇటూ ఒకే భాష, ఒకే కొబ్బరిచెట్టు, ఒకే పులస. కాని యానాం ఆంధ్రప్రదేశ్‌లో లేదు. ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఈ ఊరు 1954లో మన దేశం పరిపాలనలోకి వచ్చింది. 1962లో చట్టరీత్యా కూడా విలీనమైంది. ఇప్పుడది 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. యానాంవాళ్ల ఎమ్మెల్యే కూర్చునేది పుదుచ్చేరి శాసనసభలో.

పిల్లలకు ఇందులో బాగా నచ్చిన సంగతి పెట్రోలు. కోనసీమనుంచి చాలామంది మోటారుసైకిలు తోలుకుని యానాం వెళ్లి పెట్రోలు పోయించుకుని వస్తారు, అక్కడ చౌక. చమురు ఒకటే, కంపెనీ ఒకటే. కేంద్రం వేసే ఎక్సైజు సుంకం రెండుచోట్లా ఒకటే. తేడా ఎక్కడ? అమ్మకం మీద ఒక్కో ప్రభుత్వం వేసే పన్నులో. 2017 జూలై 1న వచ్చిన వస్తుసేవల పన్ను, అదే జీఎస్టీ, దేశమంతా ఒకే విధంగా వేస్తారు. కాని పెట్రోలు, డీజిలు, సహజవాయువు వంటివాటిని ఇంకా దానిలో చేర్చలేదు. అందుకని వంతెనకు ఈ చివర ఒక ధర, ఆ చివర ఒక ధర.

జీఎస్టీ మండలిలో ఓట్ల లెక్క గణితం మాస్టారికి చూపించండి. మొత్తం ఓట్ల బరువులో మూడోవంతు కేంద్రానిది, మిగతా రెండువంతులు రాష్ట్రాలన్నిటివీ కలిపి. ఏ నిర్ణయానికైనా నాలుగింట మూడువంతులు కావాలి. రాష్ట్రాలన్నీ ఏకమైనా 66.7 శాతమే, 75కు చేరదు. కేంద్రం ఒక్కటీ చేయలేదు. శాసనసభ ఉన్న కేంద్రపాలిత ప్రాంతాలతో కలిపి మొత్తం 31 సభ్య ప్రభుత్వాలు. అందరూ ఓటు వేస్తే కేంద్రానికి తోడు కనీసం ఎన్ని కావాలి? 19 చాలదు, 20 కావాలి. ఎలాగో మీరే లెక్క చేసి చూడండి.

మీరు చదువుతున్న చదువు కూడా ఒక జాబితానుంచి ఇంకో జాబితాకు నడిచి వెళ్లింది. 1950లో విద్య రాష్ట్ర జాబితా 11వ అంశం. 1976లో చేసిన 42వ సవరణతో, 1977 జనవరినుంచి, అది ఉమ్మడి జాబితా 25వ అంశంలోకి పోయింది. ఉమ్మడి జాబితాలో ఇద్దరూ చట్టం చేయవచ్చు. రెండు చట్టాలూ ఢీకొంటే 254వ అధికరణం ప్రకారం మామూలుగా పార్లమెంటు చట్టమే నిలుస్తుంది. రాష్ట్రపతి ఆమోదం పొందితే మాత్రం రాష్ట్ర చట్టం ఆ రాష్ట్రంలో నిలవగలదు. ఏ జాబితాలోనూ లేని కొత్త విషయం వస్తే? అదీ కేంద్రానికే, 248వ అధికరణం. అమెరికాలో ఇది తలకిందులు, మిగిలినదంతా రాష్ట్రాలది.

ఇంకా పెద్ద అధికారం ఒకటుంది. జిల్లా గీతలు రాష్ట్రం గీస్తుంది. 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి జిల్లానుంచి కోనసీమ జిల్లా వేరయినది అలాగే. రాజ్యాంగ రచనా సంఘం అధ్యక్షుడైన డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు ఇప్పుడా జిల్లాకు ఉంది. కాని రాష్ట్రం గీతలు గీసేది పార్లమెంటు, 3వ అధికరణం కింద. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2న తెలంగాణ, అన్నీ పార్లమెంటు చట్టాలతోనే ఏర్పడ్డాయి. ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, కాని దానికి కట్టుబడనక్కరలేదు. 2014 జనవరిలో మన శాసనసభ విభజన బిల్లును తిరస్కరించినా ఆ తర్వాతి నెలలో పార్లమెంటు ఆమోదించింది. అందుకే కొందరు పండితులు మనది పూర్తి సమాఖ్య కాదంటారు. రాజ్యాంగం కూడా మొదటి అధికరణంలో భారతదేశాన్ని 'రాష్ట్రాల యూనియన్' అంటుందే కాని సమాఖ్య అనదు.

సాయంత్రమైంది. గాలి పెరిగి వలలు రెపరెపలాడుతున్నాయి. పెద్దాయన పడవ మీద చెయ్యి వేసి లేచాడు.

"మేష్టారూ, చేప రాష్ట్రానిది, గేసు కేంద్రానిది, దీపం కేంద్రానిది, పంటు రాష్ట్రానిది. మరి మా ఊరు ఏదైనా చేసుకోగలదాండీ సొంతంగా?"

చేసుకోగలదు. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ సవరణ గ్రామపంచాయతీలకు రాజ్యాంగంలోనే చోటిచ్చింది. మన రాష్ట్రం 1994లో పంచాయతీరాజ్ చట్టం చేసింది. మంచినీరు, వీధిదీపాలు, పారిశుద్ధ్యం ఊరి చేతిలో ఉన్న పనులు. ఊళ్లోని ఓటర్లందరూ సభ్యులుగా ఉండే గ్రామసభ ఉంది. గొట్టం గురించి, వేట నష్టం గురించి అక్కడ తీర్మానం చేసి పైకి పంపవచ్చు. పైవాళ్లు వినాలన్న నిర్బంధం ఎంతవరకు అన్నది వేరే సంగతి. "ఆయ్, అడగడం మా వంతన్నమాట" అని ఆయన వెళ్లిపోయాడు.

మేమూ లేచాం. మొదట ప్రశ్న అడిగిన కుర్రాడు జేబులోంచి ఇసుక దులుపుకుంటూ ఆగాడు. "మాస్టారూ, ఈ ఇసుక?"

మామూలు ఇసుక చిన్నతరహా ఖనిజం, దాని నియమాలు రాష్ట్రం చేస్తుంది. కాని మన తూర్పు తీరంలో కొన్నిచోట్ల నల్లటి ఇసుకలో మోనజైటు అనే ఖనిజం ఉంటుంది. అందులో థోరియం ఉంది గనుక అది అణు ఖనిజం, కేంద్ర జాబితా 6వ అంశం. వాడు గుప్పిట్లో ఉన్న ఇసుకను కళ్ల దగ్గర పెట్టుకుని, తెల్ల రేణువులను ఒకవైపుకూ నల్ల రేణువులను ఒకవైపుకూ చూపుడువేలితో జరపడం మొదలుపెట్టాడు. బస్సు వచ్చేవరకు జరుపుతూనే ఉన్నాడు.